పట్టా కప్పని శుక్రవారం

శుక్రవారం మధ్యాహ్నం వాన కాసేపు కురిసి తన దారిన తాను పోయింది. అది చేసి పోయిన పని మాత్రం శనివారం పొద్దుటికి ఊరందరి కంటా పడింది. అద్దంకి రోడ్డు పక్కన చెంచయ్య కల్లంలో నిన్నటిదాకా ఎర్రగా నిగనిగలాడిన మిరపకాయలు నీరు పట్టి, తెల్లమచ్చలు పడి, ముక్కు మూసుకునేటట్టు వాసన కొడుతున్నాయి. మంచి కాయ తాలు కాయగా మారితే కొనేవాడు వేలితో ముట్టి, మూతి తిప్పి, పక్క బస్తా దగ్గరికి పోతాడు. ఏడాదంతా పడ్డ చాకిరీ ఆ మూతి తిప్పుడులో తేలిపోతుంది.

తప్పెవరిదని అడిగితే ఊరంతా ఒకే పేరు చెప్పింది. కల్లం కాపలా లాల్ అహ్మద్. రంజాన్ నెల కదా, జుమ్మా నమాజుకు పోయాడు, టార్పాలిన్ పట్టాలు కప్పే దిక్కులేక కాయలు తడిశాయి. గుంటూరు యార్డుకు పోయి తిరిగొచ్చిన చెంచయ్య ఆ ముసలాయన్ని నోటికొచ్చినట్టు తిట్టాడు. చాటుగానైనా కాదు. తడిసిన కాయలు ఎత్తడానికి పరుగెత్తుకొచ్చిన కూలీ ఆడవాళ్ళూ, పక్క కల్లాల రైతులూ చూస్తుండగా తిట్టి, రేపటి నుంచి రావద్దన్నాడు. లాల్ అహ్మద్ "నా తప్పే" అన్న ఒక్క మాటతో తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

అసలు సంగతి తెలిసినవాళ్ళు ఇద్దరే. ఇద్దరూ ఆరో తరగతి. ఒకరు చెంచయ్య కూతురు జ్యోతిర్మయి. ఇంకొకరు అదే కల్లంలో తాలు కాయలు ఏరే మార్తమ్మ కూతురు రెబ్కా.

పల్లెలోని చర్చిలో జక్రయ్య మాస్టారు సండే స్కూల్ చెబుతాడు. వారమంతా బడిపిల్లల ఆటో తోలి, ఆదివారం అదే పిల్లలకు పాటలూ కథలూ చెప్పే మనిషి. ఈస్టరు ముందటి ఉపవాస దినాలు మొదలైన ఆదివారం ఆయన పిల్లలందరికీ ఒక మాట చెప్పాడు. "పెద్దోళ్ళు నోరు తెరిచే ముందు సవాలక్ష ఆలోచిస్తారు. మీరు అట్టా కాదు. దేవుడు మీకేం చేశాడో మీ స్నేహితుల్లో ఒక్కరికైనా చెప్పండి." మిగతా పిల్లలు సిగ్గుపడి నేల చూపులు చూశారు. రెబ్కా మర్నాడే మొదలుపెట్టింది. దానికి ఏ పనైనా నానబెట్టడం చేతకాదు.

బుధవారం కల్లం మీదికి నల్లటి మబ్బొస్తే రెబ్కా జ్యోతి చేతులు పట్టుకుని, కళ్ళు మూసుకుని ప్రార్థన చేసింది. మబ్బు పక్కకు జరిగిపోయింది. ఇంకేముంది! పిల్లకు పట్టపగ్గాల్లేవు. "ఇంక మీ కల్లం మీద చినుకు పడదు. నేను ప్రార్థన చేశాగా. పట్టాలు కప్పావంటే నీకు నమ్మకం లేనట్టే" అనేసింది. శుక్రవారం ఒంటిపూట బడి అయ్యాక మళ్ళీ మబ్బొచ్చినప్పుడు జ్యోతిర్మయి పట్టాల పక్కనే చేతులు కట్టుకుని కూర్చుంది. ఈసారి మబ్బు ఎక్కడికీ పోలేదు.

ఆ రాత్రి తేలు కుట్టిన దొంగల్లా ఇద్దరూ ఎవరింట్లో వాళ్ళు ముసుగు తన్ని పడుకున్నారు. ఇద్దరికీ నిద్ర పట్టలేదు.

శనివారమూ ఒంటిపూట బడే. జ్యోతిర్మయి రోజూ కూర్చునే బెంచీ వదిలేసి కిటికీ పక్కకు పోయి కూర్చుంది. ఇంటర్వెల్లో రెబ్కా వెతుక్కుంటూ వెళ్తే కుళాయి దగ్గర దొరికింది.

"నాతో మాట్లాడొద్దు."

"ఇంట్లో చెప్పావా?"

"ఏమని చెప్పను? లాల్ తాతను పంపేశారు. పోతా పోతా కూడా నా వంక చూసి నవ్వాడు తెల్సా? తిట్టినా బాగుండు. నాకు రాత్రి అన్నం సయించలా." జ్యోతి ముఖం కడుక్కుంది. కడుక్కున్నా కళ్ళు తడిగానే ఉన్నాయి. "నీ దేవుడు విన్లేదా, నువ్వు అబద్ధం చెప్పావా? రెండిట్లో ఏదో ఒకటి చెప్పు."

రెబ్కా రెండూ మనసులో తూచి చూసుకుంది. విన్లేదు అంటే దేవుడి తప్పు. అబద్ధమంటే తన తప్పు. ఎటు చెప్పినా జ్యోతి తిరిగి ఆ బెంచీ మీదికి రాదని మాత్రం తెలుస్తూనే ఉంది. గంట కొట్టారు. క్లాసులో టీచర్ ఏం చెప్పిందో ఆ పూట రెబ్కా చెవికెక్కలేదు.

మధ్యాహ్నం చర్చిలో పిల్లలందరూ చేరారు. మర్నాడు పిల్లల ఆదివారం. ఆ రోజు పెద్దలు కింద కూర్చుంటే పిల్లలే ఆరాధన జరుపుతారు, పాటలు వాళ్ళవే, ప్రార్థనలు వాళ్ళవే, దేవుడు తమకేం చేశాడో చెప్పే సాక్ష్యాలూ వాళ్ళవే. జక్రయ్య మాస్టారు ఒక్కొక్కరినీ లేపి ఎవరికి ఏం చెప్పారో అడుగుతున్నాడు.

"నేను మా పక్కింటి వాసింకి చెప్పా సార్" అన్నాడొక పిల్లాడు. "కానీ సార్, వాడు తిరిగి నాకు రంజాన్ గురించి చెప్పాడు. వాడిదే పెద్దగా ఉంది."

అందరూ నవ్వారు. మాస్టారూ నవ్వాడు. "మంచిదే. నువ్వు చెప్పింది వాడు వినాలంటే వాడు చెప్పింది నువ్వూ వినాలిగా! రెబ్కా, లేమ్మా. రేపు నీదే మొదటి సాక్ష్యం. బుధవారం మబ్బు సంగతి చెప్పు, చూద్దాం."

రెబ్కా లేచింది. "అందరికీ వందనాలు. బుధవారం నాడు నేనూ నా స్నేహితురాలూ..." అని ఆగింది. మళ్ళీ మొదలుపెట్టింది, మళ్ళీ అక్కడే ఆగింది. మూడోసారి ఏడుపొచ్చేసింది.

మాస్టారు మిగతా పిల్లల్ని ఇళ్ళకు పంపేశాడు. వాళ్ళు గుమ్మం దాటేదాకా వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నారు. తర్వాత ఆయన రెబ్కా ఎదురుగా నేల మీదే కూర్చున్నాడు. అంతా విన్నాడు. చివరికి లేచి గుమ్మం దాకా నడిచి, తిరిగొచ్చి, మళ్ళీ గుమ్మం దాకా నడిచాడు.

నిజం చెప్పాలంటే ఆయనకు భయమేసింది. ఈ సంగతి బయటికి పొక్కితే ఊరు ఊరుకుంటుందా? చర్చివాళ్ళు పిల్లల్ని మతంలోకి లాగుతున్నారంటారు, పంట ముంచారంటారు, చిలవలు పలవలు పుట్టిస్తారు. రేపటి పిల్లల ఆదివారం సంగతి సరే, బడిపిల్లల ఆటోలో ఎవరైనా తమ పిల్లను ఎక్కిస్తారా? వదిలేద్దామా అని ఒక్క క్షణం అనిపించింది. మనిషేగా మరి.

"సార్, దేవుడు ఎందుకు ఆపలేదు?" అంది రెబ్కా.

"నాకు తెలీదమ్మా."

ఆ జవాబుకు పిల్ల బిత్తరపోయింది. మాస్టారికి తెలియనిది ఉంటుందని దానికి ఇప్పటిదాకా తెలియదు.

"బుధవారం ఎందుకు ఆపాడో కూడా నాకు తెలీదు. అసలు ఆపింది దేవుడో గాలో కూడా తెలీదు. సరే, అది ఉంచు. నేను మీకు ఏం చెప్పమన్నా?"

"దేవుడు మాకేం చేశాడో చెప్పమన్నారు."

"అంటే చేసింది చెప్పమన్నా. చేయబోయేదానికి ఆయన తరఫున మాట ఇమ్మన్నానా?"

"లేదు సార్."

"పట్టా కప్పితే నమ్మకం లేనట్టని ఎవరు చెప్పారు నీకు? నేను రోజూ ప్రార్థన చేసుకునే ఆటో ఎక్కుతా. అట్టాగని బ్రేకులు పీకి పారేశానా?"

ఏడుస్తున్న పిల్లకు నవ్వొచ్చింది. నవ్వుతుంటే ముక్కు కారింది. మాస్టారు జేబులో రుమాలు తీసిచ్చాడు.

"నా పొరపాటూ ఉందిలే. చెప్పండి చెప్పండి అని ఎగదోశానే గానీ ఎక్కడ ఆగాలో చెప్పలా."

"ఇప్పుడు ఈ సంగతి చెబితే దేవుడి పేరు పోద్దిగా సార్?"

"చెప్పకపోతే లాల్ అహ్మద్ గారి పేరు పోద్ది. ఇప్పటికే పోయింది. దేవుడి పేరు సంగతి దేవుడు చూసుకుంటాడులే. పద, నేనూ వస్తా. కానీ చెప్పేది నువ్వే."

పొద్దు వాలుతున్నా కల్లంలో ఎండ ఇంకా చురుక్కుమంటూనే ఉంది. మార్తమ్మ, మిగతా ఆడవాళ్ళూ తలలకు కొంగులు చుట్టుకుని తాలు కాయలు ఏరుతున్నారు. ఘాటుకు ఎవరో ఒకరు దగ్గుతూనే ఉన్నారు. చెంచయ్య లుంగీ పైకి కట్టి కాళ్ళతో కాయలు తిరగదోస్తున్నాడు. నాలుగు కర్రల మీద పట్టా కట్టిన నీడలో ఆయన తల్లి వెంకటేశ్వరమ్మ కూర్చుని, వాననూ కాపలావాడినీ కూలీలనూ వరసగా తిడుతోంది. ఒకరి వంతు అయిపోతే మళ్ళీ మొదటికొస్తోంది.

ఆటో దిగిన కూతుర్ని చూసి మార్తమ్మ లేచింది. "నువ్వెందుకొచ్చావే ఇక్కడికి?"

రెబ్కా తల్లికి జవాబు చెప్పలేదు. చెబితే ఇక ముందుకు పోలేనని దానికి తెలుసు. కాయల అంచు దాకా వెళ్ళి నిలబడింది.

"అంకుల్, తప్పు లాల్ తాతది కాదు. నాది."

చెంచయ్య తలెత్తి చూసి నవ్వాడు. "ఏంటమ్మాయ్, వానను నువ్వు పిలిచావా?"

"కాదంకుల్. రాదని చెప్పా."

ఆపైన మాట తడబడుతూనే అంతా చెప్పింది. బుధవారం మబ్బు, తను చేసిన ప్రార్థన, పట్టాలు కప్పావంటే నమ్మకం లేనట్టేనన్న మాట, ఏదీ దాచలేదు. ఆడవాళ్ళ చేతులు ఆగిపోయాయి. చెంచయ్య ముఖంలో నవ్వు ఎప్పుడు పోయిందో ఎవరూ చూడలేదు.

ముందు కదిలింది మార్తమ్మ. పరుగున వచ్చి కూతురి వీపు మీద ఒక్కటి చరిచింది. "అయ్యా, చిన్నపిల్లయ్యా, దానికేం తెలుసు! దాని మాటలు పట్టించుకోబాకండి. పొద్దుటి నుంచి తిండి తినలా, ఏదో వాగుతుంది."

"ఆగు మార్తమ్మా" అన్నాడు చెంచయ్య. "జోతీ!"

బస్తాల వెనక నుంచి జ్యోతిర్మయి వచ్చింది. అప్పటిదాకా అక్కడే నిలబడి అంతా వింది.

"ఇది చెప్పేది నిజమేనా?"

జ్యోతి తలూపింది. "తాత నమాజుకు పోయేటప్పుడు చెప్పాడు నాన్నా, మబ్బు పడితే పక్క కల్లం వాళ్ళను కేకేసి పట్టాలు లాగించమన్నాడు. మబ్బొచ్చింది. నేను కేకేయలా."

"ఎందుకేయలా?"

"కేకేద్దామనే లేచా. మళ్ళీ, పట్టా లాగితే నేను నమ్మలేదనుకుంటాడేమోనని కూర్చున్నా."

"ఎవరనుకుంటారు?"

"దేవుడు."

వెంకటేశ్వరమ్మ నీడలోంచి లేచొచ్చింది. మోకాళ్ళ నొప్పులున్న మనిషి, అంత వేగంగా లేవడం ఈ మధ్య ఎవరూ చూడలేదు. నేరుగా జక్రయ్య మాస్టారి మీదికే వెళ్ళింది. "ఏమయ్యా, బడి ఆటో అని నమ్మి పంపిస్తే మా ఇంటి పిల్లకు మీ దేవుణ్ణి ఎక్కిస్తన్నారా? కాయలు పోతే పోయినయ్, పిల్లను కూడా పోగొట్టుకోమంటావా?"

"అమ్మా, స్నేహితులకు చెప్పుకోమని పిల్లలకు చెప్పింది నేనే. కాదనను" అన్నాడు మాస్టారు. "పట్టాలు కప్పొద్దని మాత్రం నేను చెప్పలా. అయినా నా దగ్గర నేర్చుకున్న పిల్ల. నన్ను అడగడం న్యాయమే."

"న్యాయం మాట్లాడతన్నావా మళ్ళీ!"

"నాయనమ్మా, ఆయన్నేం అనబాక" అంది జ్యోతిర్మయి. "వాన మొదలవగానే నేను నీ వెంకటేశ్వరస్వామిక్కూడా మొక్కా. ఆయనా ఆపలా."

కూలీ ఆడవాళ్ళలో ఒకరు కొంగు నోట్లో కుక్కుకున్నారు. వెంకటేశ్వరమ్మ స్వామి పేరే పెట్టుకున్న మనిషి. ఒంటి మీద కారం చల్లినట్టు నిలబడింది.

చెంచయ్యకు ఇవేవీ వినబడుతున్నట్టు లేదు. ఆయన నిన్న తను నిలబడిన చోటు వైపు చూస్తున్నాడు. ముసలాయన్ని అక్కడే నిలబెట్టి తిట్టాడు. కూతురు పక్కనే ఉంది. నాన్నంటే భయపడి నోరెత్తలేదు. ఇప్పుడు నోరెత్తింది పరాయి పిల్ల, రేపటి కూలి తన తల్లికి దొరుకుతుందో లేదో తెలియని పిల్ల. ఆ సంగతి ఆయనకు బాగా గుచ్చుకుంది.

"ఆటో తియ్యండి మాస్టారూ" అన్నాడు. "లాల్ భాయ్ ఇంటికి పోదాం. పిల్లలిద్దరూ ఎక్కండి."

"ఎక్కడికిరా? నిన్ను ముంచినోళ్ళ వెంటే పోతావా?" అంది తల్లి.

ఆయన లుంగీ దించుకుని ఆటో ఎక్కాడు. తల్లి వెనక నుంచి ఇంకా ఏదో అంటూనే ఉంది. ఆటో చప్పుడులో ఆ మాట కలిసిపోయింది.

వెనక సీట్లో పిల్లలిద్దరూ చెరో పక్కకు ఒదిగి కూర్చున్నారు. కొంతదూరం పోయాక జ్యోతి గొంతు తగ్గించి అడిగింది. "మరి ఇప్పుడు నేను ప్రార్థన మానేయాలా?"

రెబ్కా ఈ ప్రశ్న ఊహించలేదు. "ఏమో. నేనైతే మానలా. పొద్దున కూడా చేశా."

"ఏమని?"

"నువ్వు నాతో మాట్లాడాలని."

మలుపు దగ్గర ఆటో కుదిపినప్పుడు జ్యోతి రెబ్కా చెయ్యి పట్టుకుంది. మలుపు దాటాక కూడా వదల్లేదు.

లాల్ అహ్మద్ ఇల్లు మసీదు వెనక సందులో. పొద్దు గూకబోతోంది. వాకిట్లో చాప పరిచి, పళ్ళెంలో ఖర్జూరాలు పెట్టి, ఆయన భార్య జుబేదా గిన్నెల్లో వేడి గంజి పోస్తోంది. పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టని లాల్ అహ్మద్ చాప మీద కూర్చుని అజాన్ కోసం ఎదురు చూస్తున్నాడు. గోడ పక్కన మూతి కట్టిన సంచులు రెండున్నాయి.

చెంచయ్యను చూసి ఆయన లేవబోయాడు. అలవాటు. మళ్ళీ ఏమనుకున్నాడో కూర్చున్నాడు.

రెబ్కా మళ్ళీ అంతా చెప్పింది. ఈసారి కొంచెం తేలికవుతుందనుకుంది గానీ అవలేదు. ఆయన ముఖం చూస్తూ చెప్పడం ఇంకా కష్టమైంది. చివర్లో "నా వల్ల మీకు మాట వచ్చింది తాతా. క్షమించండి" అంది.

"నాకు తెల్సులే అమ్మా" అన్నాడు లాల్ అహ్మద్. "చినుకు పడగానే మసీదులోంచి పరుగెత్తుకొచ్చా. జోతమ్మ చేతులు కట్టుకుని కళ్ళు మూసుకుని ఉంది. ఎవరికి దణ్ణం పెడతందో తెలవదు గానీ, దణ్ణం పెడతందని తెల్సింది. అప్పటికే కాయ తడిసిపోయింది."

చెంచయ్య ముందుకొచ్చాడు. "తెలిసి కూడా నిన్న నాతో ఒక్క మాట అనలేదే భాయ్?"

"ఏమనమంటావ్? ఇంత పిల్లకు కల్లం అప్పజెప్పి పోయింది నేనేగా. పిల్ల పేరు చెప్పి నేను తప్పించుకోనా? అందుకే నా తప్పేనన్నా. అది ఒప్పుకున్నా చెంచయ్యా. ఇప్పుడూ ఒప్పుకుంటా."

"అయితే రేపటి నుంచి వచ్చెయ్. జరిగిందేదో జరిగింది."

"రేపు పొద్దున బస్సుకు పిడుగురాళ్ల పోతన్నాం. మా అల్లుడు సున్నపు బట్టీల దగ్గర ఏదో పని చూస్తానన్నాడు."

"ఆ వేడిలో ఈ వయసులోనా? ఎందుకు భాయ్? రమ్మంటన్నాగా!"

లాల్ అహ్మద్ చాప అంచు సర్దాడు. "నువ్వు నన్ను సోమరివాడివన్నా పడేవాణ్ణి. పంట ముంచావన్నావ్, పడ్డా. నమాజు పేరు చెప్పి పోయి పడుకున్నావన్నావ్ చూడు. నలుగురిలో అన్నావ్. ఉపవాసం ఉండి, ఆ ఎండలో నడిచి పోయి, నేను అల్లాను వేడుకున్న దువాలో నీ కాయలు కూడా ఉన్నయ్ చెంచయ్యా. ఆ మాట లోపల దిగింది. అది అట్టాగే పెట్టుకుని నీ కల్లంలో మంచమేసుకుని పడుకోలేను."

అజాన్ వినిపించింది. లాల్ అహ్మద్ కళ్ళు మూసుకుని పెదాలు కదిపి ఒక ఖర్జూరం నోట్లో వేసుకున్నాడు. తర్వాత పళ్ళెం పిల్లల ముందుకు జరిపాడు. మాస్టారికిచ్చాడు, చెంచయ్యకూ ఇచ్చాడు. కోపమున్నా ఆ పూట వాకిట్లోకొచ్చినవాళ్ళకు పెట్టకుండా ఆయన తినడు. చెంచయ్య పండు చేత్తో పట్టుకున్నాడే గానీ నోట్లో పెట్టుకోలేకపోయాడు.

"తప్పయింది భాయ్. చెబుతున్నాగా, తప్పయింది."

"ఇక్కడ విన్నదెవరు? మా జుబేదా. దీని ముందు నువ్వు నన్నెప్పుడూ ఏమీ అనలా." లాల్ అహ్మద్ గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "ఎవరి ముందు అన్నావో వాళ్ళ ముందు ఆ మాట వెనక్కి తీసుకో. అప్పుడు సంచులు విప్పుతా."

చెంచయ్య ముఖం కందిపోయింది. కూలీల ముందు, పక్క కల్లాల రైతుల ముందు, తను తిట్టిన కాపలావాడికి తప్పు ఒప్పుకోవడమా? తన తండ్రి ఎన్నడూ చెయ్యలేదు, తాతా చెయ్యలేదు. అలా చేసిన రైతును ఆయన ఊళ్ళోనే చూడలేదు. ఏదో అనబోయాడు. ఇంతలో జేబులో ఫోను మోగింది.

వెంకటేశ్వరమ్మకు ఫోనులో అవతలివాళ్ళు పొలంలో ఉన్నారన్నంత గట్టిగా మాట్లాడడం అలవాటు. వాకిలంతటికీ వినబడింది.

"ఒరేయ్, నేను చర్చి దగ్గరున్నా. పక్క కల్లాలోళ్ళనూ, మన కూలీ ఆడోళ్ళనూ అందరినీ వెంటబెట్టుకొచ్చా. రేపు పిల్లల ఆదివారమంట! ఆ తలుపు ఎట్టా తీస్తారో చూస్తా. పిల్లను మతంలోకి లాగారు, పంట ముంచారు అని నువ్వొచ్చి నీ నోటితో చెప్పు. నీ మాటయితే ఊరు వింటది. తొందరగా రా."

ఫోను పెట్టేసింది. జక్రయ్య మాస్టారు గోడకు ఆనుకున్నాడు. ఇన్నేళ్ళు ఆ పిల్లలతో పాడించిన పాటలన్నీ ఒక్కసారి గుర్తొచ్చినట్టు ఆయన కళ్ళు చర్చి ఉన్న వైపు తిరిగాయి. జ్యోతిర్మయి తండ్రి చొక్కా పట్టుకుంది. "నాన్నా, అట్టా చెప్పొద్దు. రెబ్కా వాళ్ళ చర్చి మూయొద్దు." చెంచయ్య కూతురి చేతిని విడిపించుకోలేదు, మాటా ఇవ్వలేదు.

నిన్న విన్న నలుగురూ ఇప్పుడు ఒక్కచోటే ఉన్నారు. తన మాట కోసమే ఎదురు చూస్తున్నారు. తల్లి అడిగిన మాట చెబితే ఊళ్ళో తల ఎత్తుకుని తిరగొచ్చు. లాల్ అహ్మద్ అడిగిన మాట చెబితే తల దించాలి. రెండూ ఒకే నోటితో చెప్పడం కుదరదని చెంచయ్యకు తెలుసు.

ఆయన వంగి రెబ్కా ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"అమ్మాయ్, ఇందాక కల్లంలో అంతమంది ముందు చెప్పావు గదా. మొదటి మాట ఎట్టా వచ్చింది నీకు?"

రెబ్కా ఆలోచించింది. మాస్టారు నేర్పిన పెద్ద మాటలేవీ ఆ సమయానికి దానికి గుర్తు రాలేదు.

"రాలేదంకుల్. కాళ్ళు వణుకుతానే ఉన్నయ్. భయం పోయినాక చెబుదామని నిన్నటి నుంచీ చూశా. పోలా. అందుకని భయంగానే చెప్పేశా."

చెంచయ్య లేచి నిలబడ్డాడు. లాల్ అహ్మద్ గంజి గిన్నె పక్కన పెట్టి ఆయన్నే చూస్తున్నాడు.

"పదండి మాస్టారూ" అన్నాడు చెంచయ్య.

"ఎక్కడికండీ, ఇంటికా?"

"ఆ నలుగురూ ఉన్న చోటికి."

ఆటో ఎక్కబోతూ ఆయన కమ్మీ పట్టుకున్నాడు. "సంచులు విప్పి పెట్టు భాయ్" అన్నాడు. అక్కడ ఆ మొదటి మాట ఆయనకు ఎట్టా వస్తుందో మాత్రం రెబ్కాకు తెలియలేదు, అడిగే ధైర్యమూ చాల్లేదు.